మాది అలంపూర్

ఆ వానాకాలం మా ఇంట్లో రెండే రెండు స్టీలు గ్లాసులు ఉండేవి. ఒకటి నాది, ఒకటి మా బావది. ఎవరైనా వస్తే కాఫీ ఎందులో ఇవ్వాలన్న ఆలోచనే మాకు రాలేదు. శ్రావణంలో పెళ్ళయింది. చందానగర్‌లో, ముంబై రోడ్డుకు రెండు సందులు లోపల, మేడ మీద రెండు గదులు దొరికాయి. గ్యాస్ లైటర్ మొదటి దెబ్బకే అంటుకుంటే నవ్వొచ్చేది నాకు. మెట్టెలు గచ్చు మీద టకటకమంటే నవ్వొచ్చేది. మా బావ భరత్ ఆఫీసుకు పోతూ మలుపు దగ్గర ఆగి, ఎవరూ చూడటం లేదనుకుని చెయ్యి ఊపితే, పక్కింటి పిల్లలు కూడా ఊపేవాళ్ళు. అప్పుడు మరీ నవ్వొచ్చేది.

కానీ ఆ ఇల్లు చూడటానికి వచ్చిన రోజే మాతోపాటు ఒక భయం కూడా మేడ ఎక్కింది.

ఇంటి ఓనరు రాములు అంకుల్ ఆర్టీసీలో డ్రైవరు. ఖాకీ చొక్కా పై గుండీలు విప్పుకుని అరుగు మీద కూచుని, అందరినీ అడిగినట్టే మామూలుగా అడిగాడు. "ఏ జిల్లా మీది?"

ఏడాదిన్నరగా టీవీలో చూస్తున్న తెలంగాణ ఉద్యమం గొడవలన్నీ ఆ క్షణాన మా బావ కళ్ళ ముందు తిరిగి ఉంటాయి. "మాది అలంపూర్ సార్. మహబూబ్‌నగర్ జిల్లా" అనేశాడు.

మాది కర్నూలు. అలంపూర్‌కూ మాకూ మధ్య తుంగభద్ర ఒక్కటే అడ్డం. ఆ ఒడ్డున వాళ్ళు తెలంగాణ, ఈ ఒడ్డున మేము రాయలసీమ. మాట తీరు ఒకటే, జొన్నరొట్టె రుచి ఒకటే. అందుకే ఆ అబద్ధం మాకు బాగా అతికింది.

"అరె, జోగులాంబ తల్లి కాడి పిల్లలా!" అని రాములు అంకుల్ లోపలికి కేకేశాడు. "ఏమే నర్సమ్మా, మనోల్లేనే. చాయ్ వెట్టు."

మనోల్లు. ఆ మాట వినగానే నా అరచేతులు చల్లబడ్డాయి. నర్సమ్మ ఆంటీ తెచ్చిన చాయ్ గ్లాసును రెండు చేతులతో పట్టుకుని వేడి చేసుకున్నాను.

తిరిగి వస్తుంటే బావను గిల్లాను. "ఎందుకు బావా అట్ల చెప్పినావు?"

"నోట్లోంచి వచ్చేసింది కనకం. ఇంగ ఏం చేస్తాం. ఎవరడిగినా అలంపూర్ అనే చెప్పు. మరిచిపోవద్దు."

మరిచిపోకూడనివి ఒక్కొక్కటే పెరిగాయి. బావ బండి నంబరు ఏపీ ఇరవై ఒకటితో మొదలవుతుంది. ఇరవై ఒకటంటే కర్నూలు, ఇరవై రెండంటే మహబూబ్‌నగర్. ఇంకెవరికి తెలియకపోయినా, రోజంతా రోడ్డు మీద నంబరు ప్లేట్లు చూసే డ్రైవరుకు తెలియకుండా ఉంటుందా? బండిని తీసుకుపోయి మూసాపేటలో బావ స్నేహితుడి ఇంటి వెనక పెట్టేశాం. మా అమ్మ ఫోన్ చేసినప్పుడు కర్నూలు అనకుండా "ఊరు" అనేదాన్ని. ఇక మూడోది, ఒక వీడియో.

నా ఉద్యోగమే వీడియోలు. నానక్‌రామ్‌గూడలో, అద్దాల టవర్ల వెనక మిగిలిన పాత ఊళ్ళో, ఒక చిన్న స్టూడియోలో పనిచేసేదాన్ని. బడిపిల్లల కోసం ఐదేసి నిమిషాల పాఠాలు తీసేవాళ్ళం. గుండె ఎలా కొట్టుకుంటుంది, మెరుపు ముందు కనిపించి ఉరుము తర్వాత ఎందుకు వినిపిస్తుంది, ఓటు హక్కు ఎవరికి ఎప్పుడు వచ్చింది, ఇలాంటివి. రాసేదీ నేనే, గొంతు ఇచ్చేదీ నేనే. మా స్టూడియో నడిపే సీతారామయ్య గారు గాజు తలుపు అవతల నిలబడి బొటనవేలు ఎత్తితే, ఎర్ర దీపం వెలిగితే, నా మాట నాకే చెవుల్లో గుసగుసగా వినిపిస్తే, ఆ సంతోషం ఎవరికీ చెప్పలేను.

ఆ ఉద్యోగం నాకు ఇప్పించింది నేను కాలేజీ రోజుల్లో తీసిన వీడియో. రెండేళ్ళ కిందట మా ఊరు మునిగినప్పుడు మా మిద్దె మీద నిలబడి తీశాను. దాని మొదటి మాటే, "నా పేరు కనకలక్ష్మి. మాది కర్నూలు."

నా వీడియోలన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో ఉండేవి. ల్యాప్‌టాప్ బావ ఆఫీసుది, అందులో సొంత ఫైళ్ళు పెట్టకూడదు. ఇంట్లో చేరిన రోజే పెన్‌డ్రైవ్ తెరిచి, ఆ వరద వీడియో మీద రైట్ క్లిక్ కొట్టి, హిడెన్ అన్న గడిలో టిక్కు పెట్టాను. తెర మీది నుంచి అది మాయమైంది. చెరిపేయడానికి మనసు రాలేదు. అందులో మా నాన్న భుజం ఉంది, మా మిద్దె ఉంది, ఆ నీళ్ళలో పోతూ మా కుట్టుమిషను మెట్లకు తగిలిన చప్పుడు కూడా ఒక చోట ఉంది.

*

సెప్టెంబరులో తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బడులు మూతబడ్డాయి. బస్సులు డిపోలు దాటలేదు. బొగ్గు గనుల్లో కూడా సమ్మె కావడంతో కరెంటు ఇష్టం వచ్చినప్పుడు వచ్చి పోయేది. రాములు అంకుల్ ఖాకీ బట్టలు ఉతికించి, మడత పెట్టించి, పొద్దున్నే తెల్ల చొక్కా వేసుకుని రోడ్డు పక్కన శిబిరానికి పోయేవాడు. బంద్ ఉన్న రోజుల్లో మా స్టూడియో కూడా మూసేవాళ్ళు. నేను తలుపు గడియ పెట్టుకుని, సందులోంచి నినాదాలు పోతుంటే, అవి పూర్తిగా వినిపించకుండా పోయేదాకా ఉల్లిపాయలు తరిగేదాన్ని. అవసరానికి మించి తరిగేదాన్ని.

ఒకరోజు ఎవరో తలుపు కొట్టారు. నా కాలి కింద కత్తిపీట చెక్క కదిలింది.

"అక్కా, నేను మమతను."

రాములు అంకుల్ కూతురు, పదో తరగతి. వెనకే నర్సమ్మ ఆంటీ. "బిడ్డా, నువ్వేదో పాఠాలు తీస్తవంట గదా. దీనికి మార్చిల పరీక్షలు. బడి ఎప్పుడు తెరుస్తరో ఎవలకు తెల్వదు. జర నాలుగు ముక్కలు చెప్పరాదు? ఊకె పతంగుల ఎంబడి తిరుగుతున్నది."

"ఎవల్ తిరిగిన్రు? నువ్వే తిరుగుమన్నవ్!"

"జూసినవా నోరు!"

ఆ రోజు నుంచి కరెంటు వచ్చినప్పుడల్లా మా ముందు గదిలో బడి. మమత వచ్చేది, దాని వెనక సందులో పిల్లలంతా వచ్చేవాళ్ళు. అందరికీ గ్లాసులు లేవని ఎవరి గ్లాసు వాళ్ళే నీళ్ళతో తెచ్చుకునేవాళ్ళు. బెడ్‌షీటు కిటికీకి కట్టి చీకటి చేసి ల్యాప్‌టాప్ పెట్టేదాన్ని. ఉరుము పాఠం వచ్చిన రోజు నిజంగానే ఉరిమింది. మెరుపు చూడగానే అందరూ గట్టిగా అంకెలు లెక్కపెట్టి, మూడున్నర లెక్కకు శబ్దం రాగానే "అక్కా, పిడుగు మియాపూర్‌ల పడ్డది!" అని అరిచారు. నేనూ వాళ్ళతో కలిసి అరిచాను. కొత్త పెళ్ళికూతురినన్న సంగతి కూడా మరిచిపోయాను.

అలా మరిచిపోయిన క్షణాల్లోనే మమత ఏదో ఒకటి అడిగేది.

"అక్కా, దసరాకు అలంపూర్ పోతరా? మా చిన్నమ్మోల్లది గద్వాలే. జోగులాంబ గుడికాడ మీ ఇల్లు యాడ?"

"గుడికి... కొంచెం అవతల."

"అవతలంటే ఏటికేనా?" అని నవ్వింది. గుడి ఏటి ఒడ్డునే కదా, అవతల ఏముంది అని దాని వేళాకోళం. నిజానికి మా ఇల్లు ఏటికి అవతలే. అప్పుడే కరెంటు పోయింది. కరెంటు పోయినందుకు ఆ కాలంలో దేవుడికి దణ్ణం పెట్టుకున్నది నేనొక్కదాన్నే అయి ఉంటాను.

రాములు అంకుల్ ఎప్పుడూ గది లోపలికి వచ్చేవాడు కాదు. చెప్పులు విప్పకుండా గుమ్మం బయట నిలబడి చూసేవాడు. ఓటు పాఠం అయిపోయాక ఒకరోజు అన్నాడు.

"బిడ్డా, ఐదు నిమిషాలల్ల ఎంత ముచ్చట చెప్పినవ్. మా శిబిరంల పొద్దుందాక మైకు పట్టుకుని మాట్లాడుతరు, సగం మందికి నిద్రొస్తది. మన తెలంగాణ ముచ్చట గూడ గిట్ల చెయ్యరాదు? యాభై ఆరుల ఏమైంది, అరవై తొమ్మిదిల పోరగాల్లు ఎందుకు సచ్చిన్రు. పిల్లలకు సమజయ్యేటట్టు."

నేను తల ఊపాను. ఎలా కాదంటాను? మనోల్లం కదా.

*

"నీకు మతి పోయిందా?" అన్నాడు బావ. అంత గట్టిగా నన్ను ఎప్పుడూ అనలేదు. అని వెంటనే గొంతు తగ్గించి కిటికీ మూశాడు. "శిబిరంలో నీ గొంతు వినిపిస్తే, రేపు తెలిసినాక ఏమంటారు? కర్నూలోళ్ళు వేషం వేసుకుని మా మధ్యలో తిరిగినారు అనరా?"

"చెయ్యనంటే మాత్రం ఏమంటారు?"

బావ అన్నం కలిపిన చెయ్యి అలాగే పెట్టుకుని కూచున్నాడు. ఆ పూట మేమిద్దరం ఒకరినొకరు ఏమీ ఏడిపించుకోలేదు.

స్టూడియో తెరిచిన రోజు సీతారామయ్య గారిని అడిగాను. ఆయనది కాకినాడ. కళ్ళజోడు తుడుచుకుని, తుడుచుకుని, చివరికి అన్నారు. "మైకు వాడుకోండమ్మా. మన స్టూడియో పేరు మాత్రం ఎక్కడా రాకూడదండి. నేను చూడలేదు, వినలేదు." అని తలుపు వేసుకుని వెళ్ళిపోయారు.

చదివాను. లైబ్రరీ నుంచి తెచ్చినవీ, రాములు అంకుల్ ఇచ్చిన కరపత్రాలూ. హైదరాబాదు రాష్ట్రం ఆంధ్రతో కలిసినప్పుడు ఇచ్చిన మాటలేమిటో, అవి ఎలా జారిపోయాయో, అరవై తొమ్మిదిలో తూటాలకు పడిపోయిన విద్యార్థులు నాకంటే చిన్నవాళ్ళనీ నాకు అప్పుడే తెలిసింది. బడిలో మాకు ఇవేవీ చెప్పలేదు. రాస్తుంటే నాకు భయం, సిగ్గు కలిసి వచ్చాయి. ఎర్ర దీపం వెలిగాక "మన తెలంగాణ" అన్న చోటికి వచ్చేసరికి "మన" దగ్గరే ఆగిపోయాను. మూడుసార్లు ప్రయత్నించాను. చివరికి "తెలంగాణ" అని మాత్రమే చదివాను.

వీడియో తయారైంది. మిగతా పాఠాలన్నీ తీసేసి, పెన్‌డ్రైవ్‌లో ఆ ఒక్క వీడియోనే ఉంచాను. ల్యాప్‌టాప్‌లో పెట్టి చూసుకున్నాను. తెర మీద ఒకే ఒక్క ఫైలు. రాములు అంకుల్ చేతిలో పెట్టాను. ఆయన దాన్ని జేబులో వేసుకుని, పైనుంచి ఒకసారి తట్టుకుని చూసుకున్నాడు.

*

ఆ రోజు ముంబై రోడ్డు మీద వంటా వార్పు. లారీలు దూసుకుపోయే చోట మూడు రాళ్ళ పొయ్యిలు పెట్టారు. గుండిగల్లో బగారన్నం, పప్పు. ఆడవాళ్ళు బతుకమ్మ పాటలు పాడుతూ కూరగాయలు తరిగారు. "ఈ పిల్ల చెయ్యి జూడున్రి, మిషన్ లెక్క నడుస్తది!" అని నర్సమ్మ ఆంటీ నన్ను అందరికీ చూపించింది. గడియ పెట్టుకుని తరిగిన ఉల్లిపాయలన్నీ అలా పనికొచ్చాయి. నడిరోడ్డు మీద, తెల్లగీత పక్కన విస్తరి వేసుకుని అన్నం తినడం నాకు ఎంత గమ్మత్తుగా అనిపించిందో! బావకు చెప్పాలి, ఇలా తిన్నానని చెప్పాలి అనుకుంటూ తిన్నాను.

భోజనాలయ్యాక శిబిరం టెంటులో టీవీ, డీవీడీ ప్లేయరు పెట్టారు. పక్కన జనరేటరు. డిపో యూనియన్ మల్లయ్య మైకులో "మన ఆడబిడ్డ, అలంపూర్ బిడ్డ చేసిన వీడియో" అని చెప్పాడు. రాములు అంకుల్ పెన్‌డ్రైవ్ గుచ్చాడు.

నా గొంతు టెంటు నిండా వినిపించింది. ఐదు నిమిషాలు ఎవరూ కదల్లేదు. అయిపోగానే చప్పట్లు, నినాదాలు. మమత నా చెయ్యి పట్టుకుని ఊపేసింది. నాకు మళ్ళీ నవ్వొచ్చింది. ఆ రోజుకు అదే ఆఖరి నవ్వు.

ఎందుకంటే టీవీ ఆగలేదు. తెర ఒక్క క్షణం నల్లబడి, మళ్ళీ వెలిగింది. కంప్యూటర్‌లో నేను పెట్టిన టిక్కు సంగతి ఆ డీవీడీ ప్లేయరుకు తెలియదు. పెన్‌డ్రైవ్‌లో ఏముంటే అది, ఒకదాని తర్వాత ఒకటి ఆడించడమే దాని పని. తెర మీద రెండు జడలతో నేను, వెనక బురదరంగు నీళ్ళు.

"నా పేరు కనకలక్ష్మి. మాది కర్నూలు."

టెంటులో ఉన్న వాళ్ళంతా ఒక్కసారిగా వెనక్కి తిరిగి నన్ను చూశారు. అన్ని ముఖాలు ఒక్కసారే. మమత చెయ్యి నా చేతిలోంచి జారిపోయింది. లాక్కోలేదు, జారిపోయిందంతే.

"ఏంది గిది?" మల్లయ్య లేచాడు. "రాములన్నా, అలంపూర్ అంటివి గదనే? ఆంధ్రోల్లను తెచ్చి మన టెంటుల గూసుండవెట్టినవా? బంజెయ్యుండ్రి ముందుగాల!"

వెనక నుంచి ఎవరో ఈల వేశారు. ఎవరో "బయటికి తోలుండ్రి" అన్నారు. చెప్పులు ఎక్కడ విప్పానో గుర్తు రాలేదు. బయటికి దారి ఎటో తెలియలేదు. నర్సమ్మ ఆంటీ నా వైపు చూడకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రాములు అంకుల్ టీవీ దగ్గరికి నడిచాడు. బటన్ మీదికి చెయ్యి పోయింది. తెర మీద అప్పుడు నీళ్ళు మా మెట్లు ఎక్కుతున్నాయి. నేను వణుకుతూ చెబుతున్నాను, రిజర్వాయరు నిండిపోతే నది వెనక్కి ఎలా తంతుందో, రెండు నదులు ఒకేసారి వస్తే ఊళ్ళోకి నీళ్ళు ఎటునుంచి వస్తాయో. మధ్యలో మా నాన్న "ఇంగ పైకి రా, పైకి రా" అని అరుస్తున్నాడు.

"జర ఆగు రాములూ."

అన్నది ముందు వరుసలో కూచున్న గంగమ్మ. సందు చివర పూలమ్మే ముసలామె. చూపు సరిగా ఆనక టీవీకి దగ్గరగా కూచుంది.

"పిల్ల మిద్దె మీదున్నది. దిగిందో లేదో సూడనియ్యి."

రాములు అంకుల్ చెయ్యి బటన్ మీదే ఆగింది. కాసేపటికి వెనక్కి వచ్చింది. ఆయన టీవీ పక్కనే, మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. మల్లయ్య మళ్ళీ కూచున్నాడు. వీడియోలో పడవ వచ్చింది. ముందు మా అవ్వ, తర్వాత నేను ఎక్కాం. పడవలోంచి చూస్తే అవతలి ఒడ్డు, అలంపూర్ వైపు కూడా నీళ్ళే కనిపించాయి. తర్వాత తెర నల్లబడింది.

చప్పట్లు లేవు. గంగమ్మ "అమ్మయ్య, దిగింది" అని పక్కామెతో చెప్పి లేచింది.

*

ఇంటి గేటు దగ్గర రాములు అంకుల్ పెన్‌డ్రైవ్ నా చేతికి ఇచ్చాడు. "మేడం గారూ, సార్ వచ్చినంక జర కిందికి రమ్మనున్రి."

బిడ్డా అనలేదు. మేడం గారూ అన్నాడు. ఆయన నన్ను తిట్టి ఉంటే అంత భయపడేదాన్ని కాదు.

బావ వచ్చాడు. విషయం చెబుతుంటే మెట్ల మీదే కూలబడ్డాడు. ఇద్దరం కలిసి కిందికి దిగాం.

"ఏ జిల్లా అని అడిగిన" అన్నాడు రాములు అంకుల్. "కర్నూలంటే ఇల్లు ఇయ్యనంటినా?"

"లేదంకుల్."

"మరి?"

"భయమేసింది అంకుల్."

"ఎవర్ని జూసి? నన్నా?"

నర్సమ్మ ఆంటీ లోపలి నుంచి "పోనియ్యరాదు, చిన్న పోరగాల్లు" అంది.

"చిన్నోల్లే. నాకేమో శిబిరంల తలకాయ లేవకపాయె. మనోల్లు, మనోల్లని ఊరంత చెప్పుకున్న." ఖాకీ బట్టల మడత మీద చెయ్యి వేసి, తీసేశాడు. "సమ్మె ఐనంక మాట్లాడుకుందాం. ఇగ పోన్రి."

సమ్మె ఎప్పుడు అయిపోతుందో ఎవరికీ తెలియదు. మేము సూట్‌కేసు మంచం మీద పెట్టుకుని, అందులో ఏమీ సర్దకుండా, దానికి చెరో వైపు పడుకున్నాం. కరెంటు వచ్చేది. గదిలో దీపం వెలిగేది. ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. బెడ్‌షీటు కిటికీకి అలాగే వేలాడేది. మమత కింద కుళాయి దగ్గర నీళ్ళు పడుతూ తల ఎత్తేది కాదు. సందులో పిల్లలు బావకు చెయ్యి ఊపడం మానేశారు. ఒక మధ్యాహ్నం మేడ మీద ఢామ్మని చప్పుడు వస్తే రాయి అనుకుని తలుపు వెనక దాక్కున్నాను. చూస్తే గాలికి పడిన బాదం కొమ్మ. కొమ్మేనని తెలిశాక కూడా చాలాసేపు తలుపు వెనకే ఉన్నాను.

తర్వాత ఒక సాయంత్రం మల్లయ్య ఇంకో నలుగురిని వెంటేసుకుని వచ్చాడు. అరుగు మీద మాటలు. మేము పైన లైటు తీసేసి నేల మీద కూచున్నాం. "ఖాళీ చెయ్యించు రాములన్నా, అందరు అడుగుతున్నరు" అన్నది స్పష్టంగా వినిపించింది. రాములు అంకుల్ ఏమన్నాడో వినిపించలేదు. ఆయన గొంతు తక్కువగా ఉంది. గేటు చప్పుడైంది. తర్వాత ఎవరూ పైకి రాలేదు. వస్తారని కూచున్నాం.

"పొద్దున్నే కర్నూలు పోదామా?" అన్నాడు బావ.

"బస్సులు యాడున్నాయి బావా?"

ఇద్దరికీ నవ్వొచ్చింది. ఏడుపు పక్కన కూచుని వచ్చే నవ్వు. అప్పుడన్నాను. "పోయి బండి తెచ్చుకుందాం."

"ఆ నంబరుతోనా?"

"ఇంగ దాచేదానికి ఏముంది?"

మర్నాడు షేర్ ఆటోలో మూసాపేట పోయాం. దుమ్ము పట్టిన బండిని తుడిచి, దాని మీద చందానగర్ వచ్చాం. పెళ్ళయ్యాక బావ వెనక కూచుని అంత దూరం పోవడం అదే మొదలు. వాన తుంపర ముఖం మీద పడుతుంటే ఎంత బాగుండాలో అంత బాగుంది. శిబిరం ముందు నుంచి వచ్చేటప్పుడు మాత్రం బావ వీపు రాయిలా బిగుసుకుంది. నేను కళ్ళు మూసుకున్నాను. ఎవరూ ఆపలేదు. బండిని గేటు బయట, నంబరు రోడ్డుకు కనిపించేలా పెట్టి మేడ ఎక్కాం.

పొద్దున్నే కింద ఏదో ఈడుస్తున్న శబ్దం వచ్చింది. గాలి తీసేశారా? తగలబెడతారా? బావా నేనూ కిటికీ బెడ్‌షీటు అంచు ఎత్తి చూశాం.

రాములు అంకుల్ ఒంగి బండి నంబరు ప్లేటు చూస్తున్నాడు. బొటనవేలితో ఇరవై ఒకటి అన్న అంకెల మీది బురద తుడిచాడు. లేచాడు. గేటు రెండు రెక్కలూ తీసి, గడప మీద పలక వాలుగా వేసి, బండిని లోపలికి తోసి తన సైకిలు పక్కన నిలబెట్టాడు. మేము చూస్తున్నామని తెలిసినట్టే, తల ఎత్తకుండా అన్నాడు.

"రోడ్డు మీద వెడ్తరా బండి ఎవలన్నా? పరేషాన్ రోజులు. గేటు లోపల జాగ లేదనుకున్నరా?"

ఆ రోజు కరెంటు వచ్చేసరికి నేను గచ్చు తుడుస్తున్నాను. మెట్ల మీద అడుగులు. తలుపు కొట్టలేదు, తోసుకునే వచ్చింది మమత. చేతిలో నీళ్ళ గ్లాసు. ముఖం ఇంకా బిగించుకునే ఉంది.

"మల్లయ్య మామకు నాయన ఏమన్నడో తెల్సా అక్కా?"

"ఏమన్నాడు?"

"'నా ఇంట్ల ఎవలుండాల్నో గూడ యూనియన్ల తీర్మానం జేస్తరా' అన్నడు." గ్లాసు కింద పెట్టింది. "నాకు మాత్రం నువ్వు చెప్పాలె ఉండె."

"చెప్పాల్సింది" అన్నాను.

దాని వెనక ఒక్కొక్కరే గ్లాసులతో వచ్చి కూచున్నారు. అందరి వెనక రాములు అంకుల్. ఈసారి గుమ్మం బయట చెప్పులు విప్పాడు. లోపలికి వచ్చి గోడకు ఆనుకుని కూచున్నాడు. మా రెండు స్టీలు గ్లాసుల్లో ఒకదాంట్లో ఆయనకు నీళ్ళిచ్చాను. కొంచెం ఒలికాయి. ఆయన చూడనట్టు తాగాడు.

"అక్కా, వరద పెట్టు" అంది మమత. "ఆనాడు నీ ముఖం జూసుడే అయింది. పాఠం సమజ్ కాలే. రెండు నదులు ఒక్కపారే ఎట్లొచ్చినయ్?"

"జల్ది పెట్టు బిడ్డా" అన్నాడు రాములు అంకుల్. "మల్ల కరెంటు పోతది."

పెన్‌డ్రైవ్ పెట్టి, రైట్ క్లిక్ కొట్టి, టిక్కు తీసేశాను. ఫైలు తెర మీదికి వచ్చింది. అందరి వెనక, గోడ దగ్గర నిలబడి నొక్కాను. రెండు జడల పిల్ల, వెనక బురదరంగు నీళ్ళు.

"నా పేరు కనకలక్ష్మి. మాది కర్నూలు."

ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు.